బామ్మర్ది చెయ్యి మిల్లు బెల్టుల పడ్డది, సేటు లక్షన్నర ఇచ్చి బాండు మీద సంతకం అడుగుతున్నడు, పెట్టాల్నా?

నల్గొండ_బావ:

అందరికీ నమస్తే. లేబర్ కేసులు తెలిసినోళ్ళు ఎవరన్న ఉంటే జర చెప్పుండ్రి, ఆదివారం లోపల ఏదో ఒకటి తేల్చమంటున్నరు.

మా బామ్మర్దికి 35 ఏండ్లు. మిర్యాలగూడ దిక్కు ఒక రైస్ మిల్లుల ఆరేండ్ల సంది చేస్తున్నడు, మిల్లు పేరు వద్దులెండి. 2025 ఆగస్టుల, రాత్రి షిఫ్టుల, ఎలివేటర్ కాడ వడ్లు జామ్ అయినయని చేత్తోని తీస్తుంటే బెల్టుకి పుల్లీకి నడుమ కుడిచెయ్యి ఇరికింది. ఆ బెల్టుకి ఇనుప జాలీ ఉండేదంట, మాటిమాటికి జామ్ అయితుందని సూపర్‌వైజరే విప్పిచ్చి గోడకి ఆనిచ్చి పెట్టిండు, ఇప్పటికీ ఆడనే ఉన్నది. నాలుగు వేళ్ళు మొదలుకంటా తీసేసిండ్రు, బొటనవేలు ఒక్కటే మిగిలింది.

జీతం 16 వేలు, సగం చేతికి సగం ఫోన్‌పే. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. సేటు చెడ్డోడని అనను, ఆ రాత్రి తన కార్లనే హైదరాబాద్ తీస్కపోయిండు, హాస్పిటల్ బిల్లు రెండు లక్షల ఇరవై వేలు ఆయనే కట్టిండు. ఇప్పుడు ఇంకో లక్షన్నర ఇస్త, "నాకు రావాల్సినవి అన్నీ ముట్టినయి, ఇగ ఏ క్లెయిమూ చెయ్య" అని బాండు పేపర్ మీద సంతకం పెట్టమంటున్నడు. కుడిచేత్తోని సంతకం రాకపోతే ఎడమచేతి వేలిముద్ర అయినా నడుస్తదిలే అన్నడంట, ఆ మాటకి మా అత్త గొల్లుమన్నది. ఊళ్ళ పెద్దమనుషులు తీస్కోమనే అంటున్నరు, సేటుతోని పెట్టుకుంటే ఈ చుట్టుపక్కల ఏ మిల్లుల పని దొరకదు అని.

ఇంకో తలకాయనొప్పి ఏందంటే డిశ్చార్జ్ సమ్మరీల "ఇంటి వద్ద గడ్డి కోసే మిషన్‌లో" అని రాసి ఉన్నది. జాయిన్ చేసినప్పుడు సూపర్‌వైజర్ అట్ల చెప్పిండు, మేము ఆపరేషన్ గడబిడల చూసుకోలే, మొన్న తెలిసింది. ఇప్పుడు ఇంక కేసు నిలుస్తదా?

గుంటూరు_మెట్లెక్కేవాడు:

బ్రదర్, నేను లాయర్ని కాదు, యూనియన్ తరఫున ఇలాంటి కేసులు పట్టుకుని లేబర్ ఆఫీసు మెట్లు ఎక్కీ దిగే మనిషిని, ఆ లెక్కలో విను. ఆదివారం అనే గడువు సేటు పెట్టింది, చట్టంలో క్లెయిమ్‌కి గడువు యాక్సిడెంట్ అయిన రోజు నుంచి రెండేళ్ళు, అంటే 2027 ఆగస్టు దాకా మీకు టైముంది, కాబట్టి ముందు కంగారు తగ్గించుకోండి.

మీకు వర్తించేది 1923 నాటి చట్టం, పాతోళ్ళు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అనేవాళ్ళు, 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ అని పేరు మార్చారు కానీ ఆఫీసుల్లో ఇప్పటికీ డబ్ల్యూసీ కేసు అంటేనే తెలుస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చిందిగా అని ఎవడైనా తికమక పెడతాడు, మీ వాడి చెయ్యి పోయింది అంతకుముందు కాబట్టి హక్కు పాత చట్టం కిందే పుట్టింది.

ఇప్పుడు లెక్క చూడు. జీతం 16 వేలైనా చట్టం 15 వేల దగ్గర ఆగుతుంది (2020 జనవరి దాకా అది 8 వేలే, అప్పుడు చేతులు పోగొట్టుకున్నోళ్ళ గతి ఆలోచించు). అందులో 60 శాతం అంటే 9,000. వయసుని బట్టి ఒక ఫ్యాక్టర్ ఉంటుంది, 35 ఏళ్ళకి 197.06. రెండూ గుణిస్తే 17,73,540, ఇది మనిషి పూర్తిగా పనికి పనికిరాకుండా పోతే వచ్చేది. ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే షెడ్యూల్‌లో 50 శాతం అని రాసే ఉంది, డాక్టర్ కొత్తగా తేల్చాల్సింది లేదు. అంటే 8,86,770 రూపాయలు. సేటు ఇస్తానంటున్నది లక్షన్నర.

"హాస్పిటల్‌కి కట్టానుగా, అది తీసెయ్" అంటాడు. తియ్యడానికి లేదు, వైద్యానికి కట్టింది పరిహారం కింద లెక్కకి రాదని చట్టంలోనే ఉంది, పైగా 2010 నుంచి వైద్యం ఖర్చు మొత్తం యజమానే పెట్టుకోవాలి, ఆయన దయ కాదది. నెల దాటినా డబ్బు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, మీ లెక్కకి నెలకి ఎనిమిది వేల ఎనిమిది వందల పైచిలుకు. సరైన కారణం లేకుండా లాగితే పెనాల్టీ వేరే, అసలులో సగం దాకా వెయ్యొచ్చు.

"వాడే చెయ్యి పెట్టాడు, వాడి తప్పు" అనే మాట కూడా వస్తుంది చూడు. ఇక్కడ తప్పెవరిదనేది అసలు ప్రశ్న కాదు, పనిలో ఉండగా పని వల్ల జరిగిందా లేదా అంతే. తాగి ఉంటేనో, వద్దని గట్టిగా చెప్పిన రూల్‌ని కావాలని కాలదన్నితేనో, జాలీ తనే కావాలని పీకేస్తేనో తప్ప యజమాని తప్పించుకోలేడు. మీ కేసులో జాలీ విప్పించింది సూపర్‌వైజర్. ఆ గోడకి ఆనించిన జాలీ ఫోటో ఈ రాత్రికే తీయించు, షిఫ్టులో ఉన్న వాడెవడో మీ వైపు ఉండే ఉంటాడు, నోటీసు అందిన మర్నాడు పొద్దున్నే అది బెల్టు మీద బిగించి రంగేసి ఉంటుంది, నేను కళ్ళారా చూశా.

ధాన్యం_లెక్కలు:

అందరూ చట్టం చెప్తారండి, నేను ఇరవయ్యేళ్ళుగా మిల్లుల్లో లెక్కలు రాస్తున్నాను కాబట్టి ఇంకో వైపు చెప్తా. ఎనిమిది లక్షలు అని పేపర్ మీద బానే ఉంటుంది, కేసు మూడు నెలల్లో తేల్చాలని రాసుంటుంది కూడా, తేలదు. వాయిదాలు, అవతల లాయరు రాలేదని ఒకసారి, ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయ్యాడని ఒకసారి, రెండేళ్ళు మూడేళ్ళు అవుతుంది, ఈలోపు ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? సేటు చెడ్డోడు కాదని మీరే అంటున్నారు, కూర్చుని మూడు లక్షలకి మాట్లాడుకుని వాచ్‌మన్ ఉద్యోగం రాయించుకుంటే ఆ కుటుంబానికి అదే మేలు అని నా ఉద్దేశం. తిట్టుకోండి పర్లేదు.

ఒకటి మాత్రం అడగండి, మిల్లుకి లేబర్ పాలసీ ఉందా అని. చాలామంది తీసుకుంటారు, ప్రీమియం కట్టి ఫైల్లో పెట్టి మర్చిపోతారు.

గుంటూరు_మెట్లెక్కేవాడు:

లెక్కలు గారూ తిట్టను, ఆ చివరి ముక్క కోసం మీకు దండం పెడతా. పాలసీ ఉంటే ఇది సేటు మీద యుద్ధమే కాదు, కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ, వాళ్ళని కూడా పార్టీ చెయ్యాలి. సుప్రీంకోర్టు 1997లోనే ఒక బండి ఇన్సూరెన్స్ కేసులో తేల్చింది, అసలు, వడ్డీ కంపెనీ నెత్తిన పడతాయి (పాలసీలో వడ్డీ కట్టం అని రాసుకుంటే తప్ప) కానీ పెనాల్టీ మాత్రం యజమాని జేబులోంచే పోవాలి. అంటే లాగేకొద్దీ నష్టం సేటుకే, ఈ ముక్క ఆయనకి ఎవరైనా మెల్లగా చెప్పాలి, చాలాసార్లు వాళ్ళ లాయరు చెప్పడు.

పొయ్యి సంగతి నిజమే, కాదనను. రాజీ పడటం తప్పు కూడా కాదు. కానీ ఆ రాజీ బాండు పేపర్ మీద కాకుండా లేబర్ ఆఫీసులో కమిషనర్ ముందు రిజిస్టర్ అవ్వాలి, మొత్తం మరీ తక్కువనిపిస్తే ఆయన రిజిస్టర్ చెయ్యననొచ్చు. హక్కు వదులుకుంటున్నా అని బయట రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు, పదిహేడో సెక్షన్. చెల్లనప్పుడు పెడితే ఏమవుద్దిలే అనుకోవద్దు, ఆ కాగితం పట్టుకుని అవతలోళ్ళు ఒక ఏడాది ఈజీగా తినేస్తారు, వేలిముద్ర నాది కాదని, బలవంతంగా వేయించారని మీరు సాక్షుల్ని తెచ్చుకోవాలి. లక్షన్నర ఇస్తానంటే వద్దనొద్దు, "పరిహారంలో కొంత ముట్టింది" అని రాసి తీసుకోండి, ఒప్పుకుంటే ఆయన నిజంగా మంచోడే.

బాలానగర్_అక్క:

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు, మిల్లులో ఎంతమంది? హమాలీలని, కాంట్రాక్టర్ తెచ్చిన బీహార్ పిల్లల్ని కలిపి లెక్క పెట్టావా? పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉంటే కథ వేరే. అప్పుడు ఈఎస్ఐ చట్టం వస్తుంది, దానికి జీతం 21 వేల లోపు ఉంటే చాలు, ఈఎస్ఐ కిందికి వచ్చే మనిషి ఈ లేబర్ ఆఫీసు పరిహారం అడగటానికి లేదు. సేటు పేరు ఎక్కించలేదు, డబ్బు కట్టలేదు అన్నా సరే, కట్టాల్సి ఉండీ కట్టకపోతే అది ఆయనకీ ఈఎస్ఐ వాళ్ళకీ ఉన్న తగాదా, దెబ్బ తగిలిన మనిషి హక్కు పోదు.

మా ఆయనకి పవర్ ప్రెస్‌లో రెండు వేళ్ళు పోయాయి. కంపెనీ వాళ్ళు యాక్సిడెంట్ అయిన నాలుగో రోజు గబగబా పేరు ఎక్కించారు, తేదీల దగ్గర దొరికిపోయారు అనుకో. మెడికల్ బోర్డు 20 శాతం అన్నది, ఇప్పుడు నెలనెలా బ్యాంకులో పడుతుంది, ఆయన బతికున్నంతకాలం పడుతుంది. ఒక్కసారి వచ్చే మొత్తం కన్నా నాకైతే ఇదే నయమనిపించింది, మొత్తం వస్తే మా మరిది బోరు వేయించేవాడు.

ఇంకోటి, సదరం సర్టిఫికెట్ తీసుకోండి కానీ దాన్నే పట్టుకుని కూర్చోవద్దు. అక్కడ రాసేది ఒంటికి ఎంత లోపం అని, కేసులో అడిగేది సంపాదన ఎంత పోయింది అని. కుడిచెయ్యి నాలుగు వేళ్ళు లేనోడు బస్తా ఎత్తగలడా? ఇది గుంటూరు అన్నయ్య బాగా చెప్తారు.

గుంటూరు_మెట్లెక్కేవాడు:

అక్క మంచి పాయింట్ పట్టుకుంది, నేను దాటేశాను, పదిమంది లెక్క ముందు తేలాలి, లేకపోతే తప్పు ఆఫీసులో ఏడాది తిరిగి వెనక్కి రావాలి. పదిమంది లోపే అయితే లేబర్ ఆఫీసు.

సంపాదన సంగతికి, ఒడిశాలో ఒక వడ్రంగి సినిమా హాలు పనిలో పడి ఎడమచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు, ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యలేడు కదా అని సుప్రీంకోర్టు 1975లో నూటికి నూరు శాతం నష్టం అంది. పరిహారం బాకీ మొదలయ్యేది కేసు తేలిన రోజు కాదు, దెబ్బ తగిలిన రోజే అని చెప్పింది కూడా ఆ కేసులోనే. మీవాడి పని మూటలు, గేట్లు, బెల్టులు. 50 శాతానికే ఆగకుండా ఎక్కువ అడగండి, ఇస్తారా అంటే గ్యారంటీ లేదు, అడక్కపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు.

లాయర్ ఫీజుకి భయపడొద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఇండస్ట్రియల్ వర్కర్‌కి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చాలు. వచ్చిన దాంట్లో పర్సంటేజ్ అనేవాడు ఎదురొస్తే పక్కకి తప్పుకో.

ఇక గడ్డి మిషన్. ఇదొక్కటే నన్ను కాస్త భయపెడుతోంది. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి కాదు, కేస్ షీట్ మొత్తం కాపీ అడగండి, క్యాజువాలిటీలో మొదటి పేజీ ఎవరు ఏం చెప్తే రాశారో, పక్కన సంతకం ఎవరిదో చూడండి. సూపర్‌వైజర్ సంతకం ఉంటే అదే మీకు సాక్ష్యం, ఇంట్లో దెబ్బ తగిలితే మిల్లు సూపర్‌వైజర్ రాత్రి రెండింటికి హాస్పిటల్‌లో ఏం చేస్తున్నాడు? హాస్పిటల్ బిల్లు సేటు ఎందుకు కట్టాడు, ఏ అకౌంట్ నుంచి కట్టాడు? ఫోన్‌పే స్టేట్‌మెంట్ ఆరేళ్ళది తీయండి. పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చి రసీదు తీసుకోండి, ఫ్యాక్టరీస్ ఇన్‌స్పెక్టర్‌కి ఒక కాపీ. హైదరాబాద్ పోయే ముందు మిర్యాలగూడలో ఎక్కడైనా కట్టు కట్టించారా?

నల్గొండ_బావ:

అందరికీ థాంక్స్. లెక్క పెట్టిన, మిల్లుల రోజూ ఉండేది ఎనిమిది మంది, హమాలీలు సీజన్ల వస్తరు పోతరు, ఆగస్టుల ఎంతమంది ఉన్నరో బామ్మర్ది దోస్తుని అడుగుతున్న, వాడు ముకద్దం తాన బుక్కు చూసి చెప్త అన్నడు. జాలీ ఫోటో వచ్చింది, వెనక ఎలివేటర్ కూడ పడ్డది, మిల్లు పేరున్న బస్తాలు కూడ పడ్డయి.

సేటుకి ఫోన్ చేసి కొంత ముట్టింది అని రాస్తం అన్న, ఆలోచిస్త అని పెట్టేసిండు. అప్పటి సంది ఎత్తుతలేడు.

గుంటూరు అన్నా, నువ్వు అడిగినవ్ కదా, కట్టించినం. బస్టాండ్ తాన చిన్న హాస్పిటల్, ఆ రాత్రి రక్తం ఆగుతలేదని అక్కడ కట్టు కట్టి పంపిండ్రు. ఆ చిట్టీ గురించి ఎవ్వరికీ యాదికి లేదు, నువ్వు అడిగినంక ఇల్లంత ఎతికినం. మా అత్త రేషన్ కార్డు కవర్ల మడత పెట్టి పెట్టింది, సగం మీద రక్తం మరక ఎండి అంటుకపోయింది. డాక్టర్ రాత అర్థమయితలేదు గాని మీద కాంపౌండర్ పెద్ద అక్షరాలల్ల రాసిండు, రైస్ మిల్ బెల్ట్, రాత్రి 11:40 అని.

సోమారం లేబర్ ఆఫీసుకి పోతున్నం. ఆ చిట్టీ లామినేషన్ చేపియ్యాల్నా, అట్లనే పెట్టాల్నా?

గుంటూరు_మెట్లెక్కేవాడు:

లామినేషన్ వద్దు వద్దు! అలాగే ఉంచు, మరక తుడవొద్దు. కలర్ జిరాక్స్ నాలుగు తియ్యి, ఒరిజినల్ అడిగినప్పుడు తప్ప ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మీ లాయర్ చేతికి కూడా.