మైన్‌క్రాఫ్ట్ చివరి కవిత ఎవరి సొత్తు?

పిక్సెల్‌పంతులు: మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో చివరన ఎండర్ డ్రాగన్‌ని చంపి పోర్టల్‌లోకి దూకితే తెర మీద పైకి పాకే కవిత ఉంది కదా, అది జూలియన్ గాఫ్ రాసింది. ఐర్లండ్‌లో గాల్వే రాక్ బ్యాండ్ టోస్టెడ్ హెరెటిక్ గాయకుడు, తర్వాత నవలాకారుడయ్యాడు. 2011లో రాసిచ్చి 20,000 యూరోలు పుచ్చుకున్నాడు. 2022 డిసెంబరులో హక్కులు నావేనంటూ సీసీ జీరో కింద, అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని, జనానికి వదిలేశాడు. అమ్మిన గేదెను మళ్ళీ దానమిచ్చినట్టు లేదూ?

లా_పాయింట్: డబ్బు తీసుకోవడం వేరు, హక్కులు రాసివ్వడం వేరు. ఆయన చెప్పిన ప్రకారం కాంట్రాక్టు కాగితం తర్వాతెప్పుడో వచ్చింది, సంతకం పెట్టలేదు. 2014లో మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు ఆట తయారుచేసిన మొజాంగ్ కంపెనీని కొనేటప్పుడు మళ్ళీ అడిగారు. అప్పుడూ పెట్టలేదు. అలాంటప్పుడు కంపెనీకి మిగిలేది వాడుకునే అనుమతి మాత్రమే. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 కూడా అంతే, సంతకంతో కాగితం ఉంటేనే బదిలీ.

పిక్సెల్‌పంతులు: స్వీడన్ కంపెనీకి మన సెక్షన్ 19 ఎందుకండీ? 20,000 యూరోలు. దానికి చెప్పండి జవాబు.

క్యాసెట్‌రాజు: గాఫ్ బ్యాండ్ సంగతి తెలుసుగా, 1988లో తొలి ఆల్బమ్‌ని నాలుగు ట్రాకుల రికార్డర్ మీద చేసి సొంతంగా క్యాసెట్ వేసుకున్న బ్యాచ్ అది. కాగితం చూపించగానే సంతకం పెట్టే బాపతు కాదు.

గోదారిగట్టు: ఆ కవితను తెలుగు చేసి చిన్న పుస్తకం వేయొచ్చా, లేదా? అది చెప్పండి చాలు.

లా_పాయింట్: వేయొచ్చు. ఇంగ్లీషు మూలం నుంచే చేయండి. ఆటలో ఉన్న వేరే భాషల అనువాదాలు వేరేవాళ్ళ పని, గాఫ్ ప్రకటన వాటికి వర్తించదు. అట్ట మీద ఆట లోగో పెట్టొద్దు, ట్రేడ్‌మార్క్ గొడవ. ఆట జార్ ఫైలు (ప్రోగ్రామ్ అంతా కట్టగా ఉండే ఫైలు) విప్పి టెక్స్ట్స్ ఫోల్డర్ చూస్తే కవిత దొరుకుతుంది. అందులో రెండు గొంతులు మాట్లాడుకుంటాయి, గొంతు మారినప్పుడల్లా ముందు రంగు గుర్తు ఉంటుంది: 3 అయితే నీలిపచ్చ, 2 అయితే ఆకుపచ్చ. నలుపు తెలుపులో అచ్చేస్తే ఎవరేమన్నారో కలిసిపోతుంది కాబట్టి ఒక గొంతుకు వాలు అక్షరాలు వాడండి. 'ప్లేయర్‌నేమ్' అని ఉన్నచోట ఆట మన పేరు పెడుతుంది, అచ్చులో ఖాళీ గీత వదిలితే సరి.

పిక్సెల్‌పంతులు: పుస్తకం తర్వాత వేసుకోండి. ఆట లేకపోతే ఆ కవిత చదివేదెవరు? గాఫ్ 2007లో బ్రిటన్ జాతీయ కథల బహుమతి 15,000 పౌండ్లు కొట్టాడు. ఇక్కడ ఎంతమందికి తెలుసు?

లా_పాయింట్: ఇప్పుడు బయటపడ్డారు! మీ బాధ 20,000 కాదు. ఆటే గొప్ప, రాసినవాడు కూలి. అంతేగా?

పిక్సెల్‌పంతులు: అంతే అనుకోండి. చేసిన పనికి కూలి ఇచ్చారు. తప్పేముంది?

లా_పాయింట్: అదే ఆటకు తొలినాళ్ళ సంగీతం చేసిన సీ418 హక్కులు తన దగ్గరే ఉంచుకున్నాడు, ఆల్బమ్‌లు తనే అమ్ముకుంటున్నాడు. అతన్నీ కూలి అనండి చూద్దాం.

పిక్సెల్‌పంతులు: సంగీతం ఆట పొడుగునా వినపడుతుంది. కవిత ఎస్కేప్ నొక్కితే పోతుంది.

క్యాసెట్‌రాజు: నొక్కేవాళ్ళు మీరే అన్నమాట.

గోదారిగట్టు: తెలుగు ఫాంట్లను వాలిస్తే గుడింతాలు వికారంగా కనిపిస్తాయి. బోల్డ్ పెడతాను.