అశోకుని సువర్ణగిరి జొన్నగిరియేనా? బంగారం దొరకడం ఒక్కటే చాలునా?

శాసనపాఠకుడు:

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని జొన్నగిరే మౌర్యుల నాటి సువర్ణగిరి అన్న మాట మన వైపు దాదాపు తేలిపోయిన విషయంగా చెలామణీ అవుతోంది. అక్కడ గని పనులు మొదలైన తర్వాత ఈ మాటకు బలం ఇంకా పెరిగింది. బంగారం ఉంది, పేరు చివర ‘గిరి’ ఉంది, ఇంకేం కావాలన్న ధోరణిలో వాదన నడుస్తోంది. నాకు ఈ తర్కం మీదే అభ్యంతరం.

సువర్ణగిరి పేరు మనకు తెలిసింది చిత్రదుర్గ జిల్లాలోని బ్రహ్మగిరి, దాని పరిసరాల్లోని అశోకుని లఘు శిలాశాసనాల, అంటే రాతి మీది చిన్న శాసనాల వల్ల. అవి ‘సువంణగిరీతే అయపుతస మహామాతాణం చ వచనేన’ అని మొదలవుతాయి. సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడు, అంటే రాకుమారుడు, అతని మహామాత్రులు, అంటే ఉన్నతాధికారులు కలిసి ఇసిల అనే పట్టణంలోని మహామాత్రుల క్షేమం విచారించి ఆజ్ఞ పంపుతున్నారన్నమాట. దీన్నిబట్టి సువర్ణగిరి ఒక రాకుమారుడు కొలువుండి పాలించిన నగరమనీ, ఇసిలకు పై అధికార స్థానమనీ తెలుస్తుంది గానీ, అది ఇసిలకు ఏ దిక్కున ఉందో, ఎంత దూరమో ఆ శాసనం చెప్పదు. అందుకే జొన్నగిరి, కర్ణాటకలో రాయచూరు జిల్లాలోని మస్కి, కొప్పళ జిల్లాలోని కనకగిరి మూడూ పోటీలో నిలిచాయి.

ఈ మూడూ ధార్వాడ శిలలనే అతి పురాతన రాళ్ళ పట్టీలున్న నేల మీదివే, బంగారం పడేది ఆ పట్టీల్లోనే. అలాంటప్పుడు బంగారాన్ని సాక్ష్యంగా తెచ్చి ఈ మూడింటిలో ఒకదాన్ని ఎలా ఎంచగలం?

లింగసుగూరు బాటసారి:

శాసనపాఠకుడు గారి ప్రశ్న సరైనదే, అయితే అన్ని చోట్లా బంగారపు ఆనవాళ్ళు ఒకే స్థాయిలో లేవు. మస్కి శాసనాన్ని 1915లో కనుగొన్న బీడన్ చరిత్రకారుడు కాడు, బంగారు గనుల ఇంజనీరు. అశోకుడన్న పేరు స్పష్టంగా కనిపించి, శాసనాల్లో రాజు బిరుదుగా కనిపించే ‘దేవానాంప్రియుడు’ ఎవరో నిస్సందేహంగా తేలింది ఆ రాతి మీదనే. ఆ మస్కికి దగ్గరలోనే హట్టి బంగారు గని ఉంది. హట్టిలో పాతకాలపు తవ్వకాలు 600 అడుగుల లోతు దాటి పోయాయని ఆధునిక గని పనుల్లో బయటపడింది. అక్కడ దొరికిన కొయ్యను కార్బన్ పరీక్షకు పెడితే సుమారు క్రీస్తు శకారంభ కాలం తేలింది.

అది అశోకుని తర్వాతి కాలం కదా అని మీరు అనవచ్చు. కానీ రాతిని మంటతో కాల్చి, పగలగొట్టి, ముక్కలను పైకి మోసి, బండ మీది గుంటల్లో నూరి బంగారం తీసే మనుషులు 600 అడుగులకు ఒక్క తరంలో దిగరు. అట్టడుగున దొరికిన కొయ్య ఆ పని ఎంతవరకు సాగిందో చెబుతుంది గానీ ఎప్పుడు మొదలైందో చెప్పదు. పై అరలు తప్పకుండా అంతకు ముందువే అయి ఉండాలి.

తెలుగు పంతులు:

పేరు గురించి ఒక్క మాట. ‘సువణ్ణ’ నుంచి ‘సొన్న’, అక్కడి నుంచి ‘జొన్న’ అని చాలామంది తేలిగ్గా రాసేస్తున్నారు. మొదటి మెట్టుకు ఇబ్బంది లేదు, ‘సొన్నము’ బంగారమన్న అర్థంలో నిఘంటువుల్లోనే ఉంది. రెండో మెట్టు దగ్గరే చిక్కు. పదాది సకారం ఊరికే జకారం కావడానికి మరికొన్ని ఉదాహరణలు చూపాలి. చూపనంతవరకు జొన్నగిరి జొన్నలు పండే కొండ కిందే లెక్క. ఇక కనకగిరి పేరు మరీ నున్నగా ఉంది. అక్కడి కనకాచలపతి ఆలయం విజయనగర కాలపుది కనుక, అంత శుద్ధ సంస్కృత నామం అశోకుని నాటి నుంచి అరగకుండా వచ్చిందంటే నమ్మడం కష్టం.

గుత్తి నివాసి:

పంతులు గారి మాటతో పేచీ లేదు, పేరును వదిలేద్దాం. బంగారాన్ని కూడా వదిలేద్దాం. అప్పటికీ జొన్నగిరికి పక్కనే అశోకుని శాసనాలున్న ఎర్రగుడి మిగులుతుంది. 1928లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని వెలుగులోకి తెచ్చారు (మస్కిలో గని ఇంజనీరు, ఇక్కడ భూగర్భ శాస్త్రవేత్త, రాళ్ళు వెతికేవాళ్ళకే అశోకుడు దొరకడం చిత్రమే). దక్షిణాదిలో అశోకుని ప్రధాన శాసనాలైన పద్నాలుగు శిలాశాసనాలూ, లఘు శాసనాలూ ఒకే చోట ఉన్నది ఆ గుట్ట మీదనే. మస్కిలో లఘు శాసనం మాత్రమే ఉంది. ఎర్రగుడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి సాగి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు, ఎద్దులు చాలు తిరిగినట్టు తిరుగుతాయి. చెక్కినవాడికి బ్రాహ్మీ లిపి ఇంకా చేతికి అలవాటు కాలేదేమో! ఏదేమైనా, రాజాజ్ఞలు మొత్తంగా చెక్కించిన చోటు రాకుమారుని నగరానికి చేరువలోనే ఉండాలన్నది నా వాదన.

శాసనపాఠకుడు:

గుత్తి నివాసి గారూ, ఇంతవరకు వచ్చిన వాదనల్లో మీదే బలమైనది. దానికి నేనే మరొకటి చేరుస్తాను. బ్రహ్మగిరిలో ఉన్న ‘సువర్ణగిరి నుంచి’ అన్న పీఠిక ఎర్రగుడిలో లేదు. ఆజ్ఞ వెలువడిన నగరం దగ్గర్లోనే ఉంటే ఆ పీఠికతో పని ఉండదు కనుక ఇది మీకు అనుకూలం. అయితే మస్కిలోనూ ఆ పీఠిక లేదు, కాబట్టి బాటసారి గారు కూడా దీన్ని తమ పక్షానికి తిప్పుకోగలరు.

హట్టి కొయ్య విషయంలో బాటసారి గారి తర్కాన్ని ఒప్పుకుంటున్నాను, తవ్వకం ఆ తేదీకి ముందే మొదలై ఉండాలి. ఎంత ముందన్నది మాత్రం ఆ కొయ్య చెప్పలేదు. ఒకవేళ మౌర్యుల కాలానికే మొదలైందని తేలినా, దానివల్ల రుజువయ్యేది హట్టిలో గని ఉందని మాత్రమే, మస్కిలో రాజధాని ఉందని కాదు. దక్షిణాపథంలో శంఖాలు, వజ్రాలు, ముత్యాలు, బంగారం సమృద్ధిగా దొరుకుతాయని కౌటిల్యుని అర్థశాస్త్రం చెబుతుంది. తొలకరి వానలకు తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతికేవారిని చూసినవారికి ఆ వాక్యం జొన్నగిరి గురించే రాసినట్టు అనిపించడం సహజం, కానీ అందులో ఏ ఊరి పేరూ లేదు.

కనుక నా స్థానం కొంత మారింది. మూడింటిలో జొన్నగిరి వైపే మొగ్గుతాను, అదీ ఎర్రగుడి గుట్టను చూసి, గనిని చూసి కాదు. జొన్నగిరి పరిసరాల్లో మౌర్యుల నాటి నగరపు గోడో, ఇటుకల కట్టడమో తవ్వకాల్లో బయటపడేదాకా ‘సువర్ణగిరి ఇదే’ అని ఊరి బోర్డు మీద రాయడానికి నేను ఒప్పుకోను.