తొలిచూలు 4 సెంటీమీటర్ల దగ్గర ఆగితే డ్రిప్ ఎప్పుడు పెట్టాలి? (చర్చ)

కొత్త_మిడ్‌వైఫ్: అందరికీ నమస్తే. ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో రోజూ ఉండే తగువే ఇది. తొలిచూలు, నెలలు నిండాయి, తల కిందికే ఉంది. బీపీ, హిమోగ్లోబిన్ బాగున్నాయి, ఉమ్మనీరు పోలేదు. గర్భాశయ ముఖద్వారం 4 సెం.మీ. తెరుచుకుని నాలుగు గంటలుగా కదలిక లేదు, పది నిమిషాలకు రెండు నొప్పులు. డ్యూటీ డాక్టర్లు 500 ఎంఎల్ సీసాలో నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ 5 యూనిట్లు వేసి నిమిషానికి 10 చుక్కలతో డ్రిప్ మొదలుపెట్టమంటారు. శిక్షణలో మాత్రం 5 సెం.మీ. దాటితే గాని అసలు నొప్పులు మొదలైనట్టు కాదన్నారు. మూడు సంగతులు చెప్పండి: ఎంతసేపు ఆగొచ్చు? తొలిచూలు అందరికీ కాన్పు దారి వెడల్పు చేసే కోత (ఎపిసియోటమీ) పెడుతున్నారా? నొప్పుల్లో తినడానికి ఏమిస్తున్నారు?

పాత_ఏఎన్ఎమ్: ఆ 5 సెం.మీ. లెక్క వచ్చాక లేబర్ రూములు సత్రాలైపోయాయి. 4 అంటే ఎలాంటి 4? ముఖద్వారం కాగితంలా పలచబడి, తల దాన్ని ఒత్తుతూ ఉంటే అది వేరు. మందంగా, వెనక్కి తిరిగి, తల ఇంకా పైనే తేలుతుంటే అది వేరు. వేలు పెట్టి చూసినవాళ్లకు తెలుస్తుంది, చార్టుకు తెలియదు. లేబర్ రూమ్‌లోనే జుట్టు నెరిసింది నాకు, ఈ మాట రాసి పెట్టుకోండి.

కరీంనగర్_సిస్టర్: అక్కా, ఆగుడు సంగతి తర్వాత. ముందుగాల ముహూర్తం పట్టుకొని వచ్చేటోళ్ల సంగతి చెప్పుండ్రి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణ సిజేరియన్లు 60.7 శాతం, ప్రైవేటుల 81.5 శాతం. సర్కారు దవాఖానల గూడ 44.5. పంతులు రాసిచ్చిన టైముకు 37 వారాలకే కోస్తే బిడ్డ ఊపిరి ఎగపోస్తది, ఎస్‌ఎన్‌సీయూకు (పసిబిడ్డల ప్రత్యేక వార్డుకు) ఉరుకుడే. వైద్య కారణం లేకుంటే 39 నిండేదాక ముట్టొద్దు. గీ ముచ్చట అత్తగారికి చెప్పేటోళ్లెవరు?

గోదావరి_సిస్టర్: ముహూర్తం ఒక్కటేనా? "మెడకు పేగు చుట్టుకుంది" అని స్కానింగ్ రిపోర్టులో ఒక్క ముక్క ఉంటే చాలు, ఇంటిల్లిపాదీ ఆపరేషన్‌కి సిద్ధమైపోతారు. నాలుగైదు కాన్పుల్లో ఒకదానికి మెడలో పేగు ఉండనే ఉంటుంది. తల బయటికొచ్చాక వేలితో వదులు చేసి తల మీదుగా తీసేయడమే. బిగుతుగా ఉంటే బిడ్డ భుజాల మీదుగా జారనివ్వొచ్చు. తొందరపడి పేగును ముందే కోసేస్తే భుజాలు ఇరుక్కున్నప్పుడు తిప్పలు పడతారు. పేగుందా లేదా అన్నది కాదు, గుండె కొట్టుకోవడం ఎలా ఉందన్నదే చూడాలి.

కొత్త_మిడ్‌వైఫ్: మేడమ్, నా ప్రశ్న డ్రిప్ గురించి.

లీడ్స్_తెలుగు: ఇక్కడ ఇంగ్లండ్‌లో 4 సెం.మీ., క్రమంగా నొప్పులు ఉంటే లేబర్ కుదురుకున్నట్టే లెక్క. నాలుగు గంటల్లో 2 సెం.మీ. కూడా తెరుచుకోకపోతే ఆలస్యమని అనుమానిస్తాం. ముందు ఉమ్మనీటి సంచి చిట్లించే మాట ఆలోచిస్తాం, రెండు గంటల తర్వాత మళ్లీ చూసి 1 సెం.మీ. కూడా కదలకపోతే అప్పుడు డ్రిప్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి 5 సెం.మీ. అంటోంది. వాళ్ల లేబర్ కేర్ గైడ్‌లో 5 దగ్గర ఆరు గంటలు, 6 దగ్గర ఐదు, 7 దగ్గర మూడు, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర రెండు గంటలు ఆగితే హెచ్చరిక. ఆ గైడ్ ప్రకారం నీ కేసుకు గడియారం ఇంకా మొదలే కాలేదు. ఒక్క హెచ్చరిక: తల దిగకుండా సంచి చిట్లించొద్దు, బొడ్డుతాడు ముందుకు జారొచ్చు.

పాత_ఏఎన్ఎమ్: ఇంగ్లండ్‌లో ఒకరికి ఒక మిడ్‌వైఫ్. ఇక్కడ ఒక సిస్టర్‌కి ఎన్ని టేబుళ్లో లెక్కపెట్టుకోండి. డ్రిప్ పెడితే పొద్దున్నకు తేలిపోతుంది. 5 యూనిట్లు, పది చుక్కలు, అరగంటకో పది పెంచుకుంటూ పోవడమే.

చుక్కల_లెక్క: ఏ సెట్‌తో పది చుక్కలు?

పాత_ఏఎన్ఎమ్: పది చుక్కలంటే పది చుక్కలే. అందులో ఏముంది?

చుక్కల_లెక్క: అంతా అందులోనే ఉంది. మామూలు ఐవీ సెట్‌లో 20 చుక్కలకు ఒక ఎంఎల్. పిల్లల మైక్రో సెట్‌లో 60 చుక్కలకు ఒక ఎంఎల్. 500 ఎంఎల్‌లో 2.5 యూనిట్లు వేస్తే మామూలు సెట్‌లో 10 చుక్కలకు నిమిషానికి 2.5 మిల్లీయూనిట్లు వెళ్తుంది. మైక్రో సెట్‌లో అందులో మూడో వంతే. మీరన్నట్టు 5 యూనిట్లు వేసి మామూలు సెట్ పెడితే మొదటి చుక్క నుంచే రెట్టింపు డోసు. మొదలు 2.5తోనే, అరగంటకు పది చుక్కలు పెంచి, 60 దాకా వెళ్లినా పది నిమిషాలకు మూడు నొప్పులు రాకపోతే అప్పుడే 5 యూనిట్ల సీసా, అదీ 30 చుక్కల నుంచి.

పాత_ఏఎన్ఎమ్: మేం సీసా చూసి పెంచం బాబూ, పొట్ట మీద చెయ్యి పెట్టి నొప్పి చూసి పెంచుతాం. నలభై సెకన్లు గట్టిగా నిలిచే నొప్పులు మూడు వస్తే పెంచడం ఆపేస్తాం. సెట్ ఏదైతే ఏంటి?

చుక్కల_లెక్క: చెయ్యి పెట్టి చూడటం మంచిదే. మరి డ్యూటీ మారేటప్పుడో? "40 చుక్కలు నడుస్తోంది" అని రాసి వెళ్తారు. సీసా అయిపోతే వచ్చినావిడ చేతికందిన మామూలు సెట్ తగిలించి అదే 40 పెడుతుంది. మైక్రో నుంచి మామూలుకు మారితే ఒక్క నిమిషంలో మూడు రెట్లు. పది నిమిషాల్లో ఆరో ఏడో నొప్పులు, బిడ్డ గుండె 90కి పడుతుంది. చార్టులో చుక్కలతో పాటు సెట్ పేరు, మిల్లీయూనిట్లు కూడా రాయాలి.

గోదావరి_సిస్టర్: ఇంకోటి. సగం యాంపుల్ తీయడానికి ఇన్సులిన్ సిరంజి వాడే అలవాటు చాలాచోట్ల ఉంది. దాని మీద యూనిట్లు చూసి 2.5 దగ్గర ఆపితే గోవిందా. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో 40 గీత అంటే 1 ఎంఎల్. మన యాంపుల్‌లో 1 ఎంఎల్‌కు 5 యూనిట్లే. 2.5 కావాలంటే అర ఎంఎల్ తీయాలి, అంటే 20 గీత. మామూలు 2 ఎంఎల్ సిరంజితో తీస్తే ఈ గొడవే లేదు.

పాత_ఏఎన్ఎమ్: సిరంజి పట్టుకోవడం కూడా నేర్పుతున్నారిప్పుడు. సంతోషం.

చుక్కల_లెక్క: నేర్పాల్సి వస్తోంది మేడమ్, అందుకే.

నిర్వాహకులు: ఇద్దరూ కాస్త తగ్గండి. అసలు విషయానికి రండి.

కరీంనగర్_సిస్టర్: అసలు విషయం అంటే గిది గూడ రాయుండ్రి. పది నిమిషాలల్ల ఐదు కన్న ఎక్కువ నొప్పులొస్తే ముందుగాల డ్రిప్ బంద్ చెయ్యాలె, తల్లిని ఎడమ పక్కకు తిప్పాలె, ఉత్త సెలైన్ పెట్టాలె, డాక్టర్ను పిల్వాలె, నొప్పులు తగ్గించే టెర్బ్యుటలిన్ 250 మైక్రోగ్రాములు చర్మం కింద ఇచ్చుడు వాళ్లే చెప్తరు. బందు చెయ్యకుంట చుక్కలు తగ్గిస్త అనేటోళ్లను చూస్తే మండుతది. నొప్పులు తెప్పించే మిసోప్రోస్టాల్ మాత్ర పెట్టిన ఆరు గంటల లోపల డ్రిప్ షురూ చేసుడు గూడ గట్లాంటిదే.

స్టోర్_చూసేవాడు: మీ ఆక్సిటోసిన్ పని చేస్తోందా అని ఎవరైనా చూశారా? 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో పెడితే తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది, డీప్ ఫ్రీజర్‌లో పెడితే గడ్డకడుతుంది. మే నెలలో ఎమర్జెన్సీ ట్రేలో వదిలేసిన మందు బలం తగ్గిపోతుంది. అప్పుడు చుక్కలు పెంచుకుంటూ పోతారు. తర్వాత ఫ్రిజ్‌లోంచి కొత్త యాంపుల్ తీసి అదే స్పీడులో పెడతారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆపే 10 యూనిట్ల ఇంజెక్షన్ కూడా ఆ ట్రేలోదే, మర్చిపోవద్దు.

లీడ్స్_తెలుగు: అందరూ డ్రిప్‌నే తిడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్తాను. సహజ ప్రసవం అన్న పట్టుదల ఇక్కడ ప్రాణాలు తీసింది. ష్రూస్‌బరీ, టెల్‌ఫర్డ్ ఆసుపత్రుల మీద 2022 మార్చిలో వచ్చిన ఆకెండెన్ నివేదిక చదవండి. అవసరమైన సిజేరియన్లు ఆలస్యం చేశారు, గుండె చప్పుడు రికార్డును సరిగా అర్థం చేసుకోలేదు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే సిజేరియన్ శాతాన్ని కొలమానంగా వాడొద్దని ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) తన ఆసుపత్రులకు చెప్పింది. తెలంగాణలో శాతం తగ్గించాలనే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కరీంనగర్_సిస్టర్: అక్కడ తక్కువయ్యి పోయిండ్రు, ఇక్కడ ఎక్కువయ్యి పోతున్నరు. రెండూ ఒకటే అంటే ఎట్ల?

లీడ్స్_తెలుగు: ఒకటే అనలేదు. ఆగడమంటే చూస్తూ ఆగడం. నొప్పుల్లో 15-30 నిమిషాలకోసారి, ముక్కేటప్పుడు 5 నిమిషాలకోసారి, నొప్పి తగ్గాక కూడా వినేలా నిండు నిమిషం గుండె చప్పుడు వినాలి. అంత మంది లేరంటే ఆగుతున్నామని చెప్పుకోవద్దు.

గోదావరి_సిస్టర్: కోత మాటకొస్తా, ఎవరూ ఎత్తలేదు. తొలిచూలు అని అందరికీ పెట్టకూడదు. వేడి నీళ్లలో పిండిన గుడ్డ తల కనబడుతున్నప్పుడు కింద అదిమి పట్టండి, తల్లిని ఆ క్షణంలో ముక్కొద్దని, ఊదమని చెప్పండి, తలను మెల్లగా రానివ్వండి. పక్కకు పడుకోబెట్టినా, మోకాళ్ల మీద ఉంచినా చిరుగు తక్కువ. బిడ్డ గుండె పడిపోతున్నా, తలను పట్టి లాగే వాక్యూమ్ పెట్టాల్సి వచ్చినా కోత అవసరం కావచ్చు. అప్పుడు తల వెనక్కి పోకుండా నిలిచాకే, మధ్య గీత నుంచి 60 డిగ్రీల పక్కకు. తల సాగదీసిన చర్మం మీద 45 అనుకుని కోస్తే తర్వాత మలద్వారం దగ్గరికి జారుతుంది. మత్తు లేకుండా కోసేవాళ్లకు ఒక్క మాట: 2 శాతం లిగ్నోకైన్ ఒక వంతుకు మూడు వంతుల సెలైన్ కలిపి 10 ఎంఎల్ ఎక్కించండి, రెండు నిమిషాలు ఆగి గిల్లి చూడండి. సూదితో ఎక్కించేముందు ప్లంజర్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకోండి.

పాత_ఏఎన్ఎమ్: పొట్ట మీద ఎక్కి తోసేవాళ్ల గురించి కూడా రాయమ్మా. కోతకన్నా అదే ఘోరం.

గోదావరి_సిస్టర్: ఈ ఒక్కదానికి మీకు దండం మేడమ్.

మత్తు_డాక్టర్: తిండి మాట. తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు నీళ్లు, కొబ్బరినీళ్లు, పలచని జావ, రెండు ఇడ్లీలు ఇవ్వొచ్చు, ఖాళీ కడుపుతో పస్తు ఉంచడమే తప్పు. నొప్పికి పెథిడిన్ ఇచ్చినా, సిజేరియన్‌కు దారి తీసేలా ఉన్నా ఘనాహారం ఆపి నీళ్లకు రండి. పాలను నీళ్ల కింద లెక్కేయకండి, కడుపులో పెరుగై కూర్చుంటాయి. స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) కుదరక పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే భయపెట్టేది అదే.

కొత్త_మిడ్‌వైఫ్: ధన్యవాదాలు సార్. తోడుగా తల్లో అత్తో పక్కన ఉంటే తినిపించడం తేలిక. కానీ మూడు టేబుళ్ల మధ్య తెరలు లేవు, మిగతా వాళ్లు ఒప్పుకోరు.

కరీంనగర్_సిస్టర్: రెండు ఐవీ స్టాండ్లు తెచ్చి చక్రాలకు బ్రేకులు వెయ్యి. నడుమ దుప్పటి కట్టి మైక్రోపోర్ టేపు చుట్టు. ఇయ్యాల్టికి గది చాలు. తెరల కోసం ఇండెంట్ పెట్టు, సూపర్నెంట్ సంతకం పెట్టేదాక ఇడువకు.