ప్రత్యేక స్థానాలు వద్దన్న ఆ తరం పొరబడిందా?

అడయారు వాసి:
1930లలో మహిళా సంఘాలు చట్టసభల్లో ప్రత్యేక స్థానాలు తమకు అక్కరలేదని చెప్పి, ఆ తరువాతి తరాల స్త్రీలకు నష్టం చేశాయని నా అభిప్రాయం. 1926లో మద్రాసు శాసనమండలికి కమలాదేవి చట్టోపాధ్యాయ పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. అదే మండలిలోకి ముత్తులక్ష్మీ రెడ్డి నామినేషన్ మీద వచ్చి, ఉపాధ్యక్షురాలై, దేవదాసీ వ్యవస్థ మీద పోరాడారు. విచిత్రమేమిటంటే, 1933లో బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త కమిటీ ముందు ప్రత్యేక స్థానాలు వద్దని వాదించినవారిలో ఆమె కూడా ఉన్నారు.

ఎగ్మూరు పాఠకురాలు:
అయ్యా, వారు వద్దన్నది దేనినో కూడా చూడాలి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 8 స్త్రీలకు కేటాయించి, ఆ ఎనిమిదింటినీ మళ్లీ 6 సాధారణ, 1 ముస్లిం, 1 క్రైస్తవ స్థానాలుగా విడగొట్టింది. ఓటర్లను మతాలవారీగా చీల్చే ఏర్పాటులోకి తమనూ లాగవద్దనీ, ఆస్తితో నిమిత్తం లేకుండా వయోజనులందరికీ ఓటు ఇవ్వాలనీ ఆ సంఘాలు పట్టుబట్టాయి. ఆస్తి చాలావరకు మగవారి పేరనే ఉన్న ఆ రోజుల్లో ఎనిమిది కుర్చీల కన్నా ఆ కోరిక ఎన్నో రెట్లు పెద్దది. అయినా ఆ సభకే ఎన్నికైన రుక్మిణీ లక్ష్మీపతి ఉపసభాపతి అయ్యారు, 1946లో ప్రకాశం గారి మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రి కూడా అయ్యారు. (ఎగ్మూరులో ఆమె పేరు పెట్టిన వీధిని మనవాళ్లు ఇప్పటికీ మార్షల్స్ రోడ్డనే అంటారు.)

అడయారు వాసి:
వయోజన ఓటు వచ్చింది, సరే. వచ్చాక ఏమైందమ్మా? రాజ్యాంగ సభలో అంతగా శ్రమించిన దుర్గాబాయమ్మ, మన నగరంలో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన మనిషి, 1952లో ఓడిపోయారు. 2024 లోక్‌సభకు 543 మందిలో గెలిచిన స్త్రీలు 74 మంది. డెబ్బై ఏళ్ల తరువాత కూడా ఏడో వంతుకు చేరలేదు.

ఎగ్మూరు పాఠకురాలు:
ఆ 74 కు జవాబు చెప్పవలసినది టికెట్లు పంచిన పార్టీలే. 1993లో 73వ సవరణ అమలులోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు తప్పనిసరి కాగానే, అవే పార్టీలకు ఊరూరా మహిళా అభ్యర్థులు దొరికారు. పార్లమెంటుకు మాత్రం 1996లో తెచ్చిన బిల్లు మురిగిపోయింది, 2010లో రాజ్యసభ ఆమోదించినది లోక్‌సభ గడప దాటలేదు. 2023లో 454 మంది ఔనని, ఇద్దరే కాదని ఓటు వేసిన చట్టాన్ని సైతం జనగణనకూ, నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టి ఆమోదించారు. ఈ షరతు ముత్తులక్ష్మీ రెడ్డి పెట్టినది కాదు గదా.