గీజర్ 60 డిగ్రీల మీద పెట్టాలా, తగ్గించాలా?

నమస్కారం అండి. మాది కూకట్‌పల్లిలో పాత అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. నాన్నగారికి 74 ఏళ్లు, పోయిన నెలే న్యుమోనియా నుంచి కోలుకున్నారు. ఆయన కోసం రెండు నెలలుగా వాడని బాత్రూం తెరిచాం. షవర్ విప్పి చూస్తే లోపల తెల్లటి పెచ్చులు, వాటి కింద గోధుమరంగు జిగురు. వేలికి అంటుకుని సాగింది. అప్పట్నుంచి టెన్షన్.

లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా కదలని గోరువెచ్చటి నీళ్లలో పెరిగి, షవర్ తుంపరతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందట. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో దిగినవాళ్లు జబ్బుపడితే ఇది బయటపడింది. గీజర్ ట్యాంకులో 60 డిగ్రీలుంటే చస్తుంది. మా 25 లీటర్ల గీజర్ మాత్రం కరెంటు బిల్లు భయంతో 45 దగ్గరే ఉంది. పెంచుదామంటే మా నాలుగేళ్ల పాప కుళాయిలన్నీ తిప్పేస్తుంది; అంత వేడి నీళ్లకి కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుతుంది.

వేడి, చల్లనీళ్లు సరిపడా కలిపే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ ఎవరైనా పెట్టించారా? మన ఉప్పు నీళ్లకి ఎన్నాళ్లు ఆగుతుంది? మామూలు నీళ్ల టెస్టులో కోలిఫాం (మురుగు కలిసిందేమో చెప్పే బ్యాక్టీరియా) చూస్తారు కానీ లెజియోనెల్లా చూడరు కదా, హైదరాబాద్‌లో ఒక్క ఇంటి కోసం ఈ టెస్టు చేసే ల్యాబ్ ఉందా?

ఇంకోటి. సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయంటే ప్లంబర్ "క్యాప్ వేసి మూసేస్తా సార్" అన్నాడు. ప్రెషర్ బయటికి పోయే దారి అదే, మూస్తే ట్యాంకు పేలదూ! వద్దని పంపేశాను. వాల్వ్ మారిస్తే చాలా, గీజరే మార్చాలా?