ఒకవైపు సైడ్ మిర్రర్ వేడెక్కడం లేదు: అద్దం మార్చాలా, మిర్రర్ మొత్తం మార్చాలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా కారుకు రెండు వైపులా వేడెక్కే సైడ్ మిర్రర్లు ఉన్నాయి. వెనుక అద్దం డిఫాగర్ (అద్దాన్ని వేడి చేసి మసక పోగొట్టే ఏర్పాటు) స్విచ్ నొక్కితే దానితోపాటే అవీ పని చేస్తాయి. చలికాలం మొదలైనప్పటి నుంచి డ్రైవరు వైపు మిర్రర్ మీద పట్టిన మంచు కొద్ది నిమిషాల్లో కరిగిపోతోంది గాని, అవతలి వైపు మిర్రర్ మాత్రం ఎంతసేపు చూసినా మసకగానే ఉంటోంది. అద్దాన్ని అటూ ఇటూ తిప్పే మోటారుకు ఏ ఇబ్బందీ లేదు. మెకానిక్ పైపైన చూసి, మీటరు కూడా పెట్టకుండా, మిర్రర్ మొత్తం మార్చాలని చెప్పారు. తెల్లవారుజామున బయలుదేరినప్పుడు ఆ వైపు వచ్చే ద్విచక్ర వాహనాలు అసలు కనిపించడం లేదు కాబట్టి దీన్ని ఇలాగే వదిలేయడం నాకు ఇష్టం లేదు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, చిన్నచిన్న వైరింగ్ పనులు చేసిన అనుభవమూ ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

మిర్రర్ మొత్తం మార్చవలసిన పరిస్థితి చాలా అరుదుగా వస్తుందండి. ఇందులో హీటర్ అంటే అద్దం వెనుక అంటించిన ఒక పల్చని పొర, ఆ పొరలో మెలికలు తిరుగుతూ పోయే సన్నని లోహపు గీత, దాని రెండు కొసలకూ బిగించిన రెండు బల్లపరుపు పిన్నులు, అంతే. పైనున్న ప్లాస్టిక్ డొప్పకూ మోటారుకూ దానితో సంబంధం లేదు. వెనుక అద్దమూ రెండో మిర్రరూ వేడెక్కుతున్నాయంటే స్విచ్, రిలే (స్విచ్ నొక్కగానే హీటర్లకు కరెంటు కలిపే భాగం) బాగున్నట్టే అనుకోవచ్చు. ఫ్యూజు మాత్రం కొన్ని కార్లలో రెండు మిర్రర్లకూ కలిపి ఒకటే ఉంటుంది, కొన్నింటిలో వేరువేరుగా ఉంటుంది. కారుతో వచ్చిన పుస్తకంలోని ఫ్యూజుల పటం చూసి ముందుగా ఆ సందేహం తీర్చుకోండి.

తర్వాత అద్దాన్ని ఊడదీసి, ఆ రెండు పిన్నుల నుంచి వైర్లు లాగి, పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. సాధారణంగా బాగున్న హీటర్ కొన్ని ఓమ్‌ల నుంచి ఇరవై ఓమ్‌ల లోపు చూపిస్తుంది. మీకు బాగా పని చేస్తున్న రెండో మిర్రర్ ఉంది కాబట్టి, దాని అంకెతో పోల్చి చూడటమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. మీటరు ఏ అంకే చూపించకపోతే లోపలి గీత తెగిపోయినట్టు. అప్పుడు హీటర్‌తో సహా వచ్చే అద్దం ఒక్కటి మారిస్తే సరిపోతుంది. రెసిస్టెన్స్ సరిగా ఉంటే, ఇంజను నడుస్తుండగా స్విచ్ వేసి ఆ రెండు వైర్ల మధ్య 12 వోల్టులకు తగ్గకుండా వస్తోందో లేదో చూడండి. ఈ స్విచ్ వెనుక టైమర్ ఉంటుంది కాబట్టి, పదీ పదిహేను నిమిషాల తర్వాత తనంతట తానే ఆగిపోతుంది. కొలిచే ముందు మళ్ళీ నొక్కడం మరచిపోకండి, నేనొకసారి అలాగే ఆగిపోయిన స్విచ్‌తో అరగంట సేపు వైర్లు వెతికాను.

రెండో సమాధానం:

అద్దం ఊడదీసే పద్ధతి గురించి కొంత చెబుతాను, ఎందుకంటే బాగున్న అద్దాలు ఎక్కువగా పగిలేది ఇక్కడే. చాలా కార్లలో అద్దం వెనుక ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది, అది మోటారు మీది పలకకు క్లిప్పులతో పట్టుకుని ఉంటుంది. చలికి ఆ క్లిప్పులు పెళుసుబారి పుటుక్కున విరుగుతాయి. అందుకని ముందుగా హెయిర్ డ్రయ్యర్‌తో మిర్రర్‌ను గోరువెచ్చగా చేయండి. వేడి నీళ్ళు పోయాలని మాత్రం అనుకోకండి, చల్లబడి ఉన్న గాజు ఒక్కసారిగా చిట్లుతుంది. గాజు మీద కాగితపు టేపు అడ్డంగా, నిలువుగా అంటించి, చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకున్న తర్వాత, అద్దం ఒక అంచును లోపలికి నొక్కితే ఎదుటి అంచు పైకి లేచి వేలు పట్టేంత సందు కనిపిస్తుంది. ఆ సందులోకి ప్లాస్టిక్ పట్టీ దూర్చి, గాజును కాకుండా దాని వెనుక ఉన్న పలకను పట్టుకుని, ఒక్కో క్లిప్పూ వదిలే వరకు నిదానంగా లాగండి. స్క్రూడ్రైవర్ వాడితే గాజు అంచు ఎగిరిపోవడం ఖాయం. అద్దం చేతికి రాగానే లాగేయవద్దు, వెనుక వైర్లు ఇంకా తగులుకునే ఉంటాయి.

కొత్త అద్దం కొనవలసి వస్తే దాని వెనుక రెండు పిన్నులు ఉన్నాయో లేదో కళ్ళతో చూసి కొనండి, ఎందుకంటే అదే ఆకారంలో హీటర్ లేని అద్దాలు కూడా అమ్ముతారు. పాతది కుంభాకారపు అద్దమైతే కొత్తదీ అదే కావాలి, లేకపోతే వెనుక బండి ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతుంది. వెనుక బండి లైట్లు కళ్ళలో కొట్టకుండా దానంతట అది నల్లబడే రకమైనా, పక్క వాహనాన్ని హెచ్చరించే దీపం ఉన్న రకమైనా వైర్లు రెండు కన్నా ఎక్కువ ఉంటాయి. మామూలు హీటర్ వైర్లకు ప్లస్సూ మైనస్సూ తేడా ఉండదు. బిగించేటప్పుడు మెత్తటి గుడ్డ మడిచి, అరచేత్తో మధ్యలో నొక్కండి, క్లిప్పులు కూర్చున్న చప్పుడు వినిపిస్తుంది.

మూడో సమాధానం:

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తూ, ఒక హెచ్చరిక చేరుస్తున్నాను. మీటరు 12 వోల్టులు చూపించినంత మాత్రాన వైరు బాగుందని తేల్చేయకండి. మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి తెగిపోయి కొసలు తగిలీ తగలనట్టున్న వైరులో నుంచి కూడా అది పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. హీటర్‌కు కావలసింది దాదాపు ఒకటి రెండు ఆంపియర్లు. అందుకని ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టి, ఆ పిన్నుల స్థానంలో పెట్టి చూడండి. అది ప్రకాశవంతంగా వెలగకపోతే కొత్త అద్దం కొన్నా ప్రయోజనం లేదు.

విడిగా దొరికే అంటించే హీటర్ పొరల గురించి ఎవరైనా సలహా ఇస్తారేమో గాని, నేను మాత్రం వద్దంటాను. పాత పొర గీకేటప్పుడు గాజు పగలవచ్చు, వెనుక పూత లేచిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

చాలా కృతజ్ఞతలు. అద్దం పగలకుండానే ఊడివచ్చింది. హీటర్ 9 ఓమ్‌లు చూపించింది, రెండో వైపుదీ అంతే. వైర్ల మధ్య 12.4 వోల్టులు వచ్చాయి. అక్కడే ఆగి ఉంటే అయోమయంలో పడేవాణ్ణి, కాని మీరు చెప్పిన బల్బు పెట్టి చూస్తే అసలు వెలగలేదు. బల్బు రెండో వైరును పొడవాటి తీగతో కారు బాడీ బోల్టుకు కలిపితే మాత్రం దేదీప్యమానంగా వెలిగింది. అంటే గ్రౌండ్ వైరులో, అదే కరెంటును తిరిగి కారు బాడీకి చేర్చే వైరులో, లోపం ఉన్నట్టు నాకు అర్థమైంది. తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం లాగి చూస్తే, అందులోని నల్ల వైరు పైతొడుగు చిట్లి, లోపల రాగి తీగలు ఆకుపచ్చగా చిలుము పట్టి, తలుపు కదిలినప్పుడల్లా కొసలు విడిపోతూ కనిపించాయి. అక్కడే అతికేయవచ్చా?

మూడో సమాధానం ఇచ్చినవారు:

అక్కడ మాత్రం అతకకండి. తలుపు తీసిన ప్రతిసారీ వంగే చోట అతుకు గట్టిపడి, పక్కనే మళ్ళీ తెగుతుంది. ముందుగా బ్యాటరీ మైనస్ తీసేయండి, ఎందుకంటే ఆ గొట్టంలో నుంచే కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ వైర్లు కూడా పోతాయి. చిలుము పట్టిన భాగం పూర్తిగా కత్తిరించి, అంతే మందం గల, ఎక్కువ పోగులున్న మెత్తని వైరు ముక్కను వేసి, ఒక అతుకు తలుపు లోపల, ఇంకొకటి బాడీ లోపల వచ్చేలా చూసుకోండి. అతుకుల మీద వేడికి ముడుచుకునే గొట్టం తొడిగి, తలుపు పూర్తిగా తీసినప్పుడు వైరు బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:

మీరు చెప్పినట్టే చేశాను. ఈ ఉదయం స్విచ్ నొక్కి చూస్తూ నిలబడితే, మసక మధ్యలో మొదట చేతి వెడల్పున తేట కనిపించి, నాలుగో నిమిషానికి అంచుల దాకా అద్దం శుభ్రపడింది. డ్రైవరు వైపు తలుపు రబ్బరు గొట్టం కూడా లాగి చూశాను. అక్కడి వైర్ల తొడుగు ఇంకా మెత్తగానే, చెక్కుచెదరకుండా ఉంది.