సెకండ్ హ్యాండ్ బోటు: ఎంత తుడిచినా ముక్క వాసన పోవడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగినవారు: కొత్త_బోటు, కమ్మింగ్, జార్జియా

అందరికీ నమస్కారమండీ. లేక్ లేనియర్‌లో తిప్పుకుందామని ఈమధ్యే 18 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు కొన్నాం. పాత ఓనరు దాన్ని చెట్ల కింద కవర్ కప్పి చాలాకాలం వదిలేశారట. ఇంజన్ మెకానిక్‌కి చూపించాను, బాగుందన్నాడు. పైకి శుభ్రంగానే ఉంది. కానీ ఎండెక్కేసరికి ముక్క వాసన గుప్పుమంటోంది. సీట్ల మీద నల్ల చుక్కలు, వెనక సీటు మీద గులాబీ రంగు మరక ఉన్నాయి. బ్లీచ్ పెట్టి తుడిస్తే పోతున్నాయి, వారం తిరక్కుండా మళ్లీ వస్తున్నాయి. మా పాపకి ఆస్తమా ఉంది, అందుకే టెన్షన్. సీట్లన్నీ మార్చేయాలా?

జవాబు: టెక్సాస్_తమ్ముడు

అన్నా, కిచెన్‌లో వాడే తెల్ల మెలమైన్ స్పాంజితో రుద్దండి, చుక్కలన్నీ పోతాయి. వాసనకి ఒక రాత్రి ఓజోన్ మెషిన్ పెడితే సరి.

జవాబు: జగన్నాథపురం_వాసి

తమ్ముడూ, ఆ రెండూ వద్దు. మెలమైన్ స్పాంజి సన్నటి గరుకు కాగితం లాంటిది, సీట్లకి తొడిగే వినైల్ (ప్లాస్టిక్ తోలు) మీది రక్షణ పూతను గీకేస్తుంది. తర్వాత మురికి ఇంకా తొందరగా పడుతుంది. ఓజోన్ రబ్బరు గొట్టాలను, సీళ్లను పాడుచేస్తుంది. పైగా లోపల తడి ఉన్నంతకాలం వాసన తిరిగి వస్తూనే ఉంటుంది.

నేను కాకినాడలో పడవలు కట్టేవాళ్ల మధ్య పెరిగాను. ఏ బోటు చూసినా ముందు నీళ్లెక్కడ నిలిచాయనే వెతుకుతాను. కొత్త_బోటు గారూ, మీరూ అక్కడే మొదలుపెట్టండి. బ్లీచ్ ఆపేయండి. అది వినైల్ మీది చుక్కను తెల్లగా చేస్తుందే తప్ప, లోపలి స్పాంజిలోకి, ప్లైవుడ్‌లోకి వెళ్లి పనిచేయదు. కుట్టుదారాన్ని మాత్రం తినేస్తుంది. కుట్లు విడిపోతే వాననీళ్లకి దారి ఇచ్చినట్టే. బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

ఇప్పుడు వెనక సీటు విప్పి తిరగేయండి. అడుగున ప్లైవుడ్, దానికి వరసగా స్టేపుల్ పిన్నులు కనిపిస్తాయి. పిన్నుల చుట్టూ తుప్పు కారిందా? మూలల్లో చెక్క నల్లబడిందా? బొటనవేలి గోరుతో నొక్కితే దిగుతోందా? సీటును నిలబెట్టి కాసేపు వదిలేయండి. కింది మూల నుంచి గోధుమరంగు నీళ్లు కారితే మీ ముక్క వాసన అక్కడిదే. ఆ గులాబీ మరక కూడా మామూలుగా లోపల పెరిగే సూక్ష్మజీవుల రంగు వినైల్‌లోకి ఇంకడం వల్ల వస్తుంది. పైన ఏం రుద్దినా పూర్తిగా పోదు. అలాంటి సీటుకి స్పాంజి, చెక్క, కవరు మూడూ మార్చాల్సిందే. పొడిగా, గట్టిగా ఉన్నవాటిని మాత్రం మార్చకండి, డబ్బు దండగ.

తర్వాత యాంకర్ పెట్టే అర, నీటి స్కీలు పెట్టే అర, ఇంజన్ కింది బిల్జ్ (బోటు అడుగున నీళ్లు చేరే గుంట) చూడండి. ముందుభాగం ఎత్తులో ఉండేలా ట్రైలర్‌ని నిలిపి, వెనక డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు పోయే రంధ్రం బిరడా) తీయండి. ఒక అరలోంచి ఇంకో అరలోకి నీళ్లు పోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి. చెట్ల కింద ఉన్న బోటు కాబట్టి ఆకులు కుళ్లి, మడ్డి అయి, అవి పూడిపోయి ఉంటాయి. వంచిన తీగతో పొడవండి.

బిల్జ్‌లో పెట్రోలు వాసన వస్తే అక్కడే ఆగి, ముందు లీకు వెతికించండి. అలాంటి చోట వ్యాక్యూమ్ మోటారు వేస్తే నిప్పంటుకుంటుంది. వాసన లేకపోతే బ్యాటరీ తీసేసి, నూనె పీల్చే ప్యాడ్లతో జిడ్డు ఎత్తి, గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడగండి. ఆ జిడ్డు నీళ్లు సరస్సులోకి గానీ వీధి కాలువలోకి గానీ పోకూడదు, వెట్ వ్యాక్యూమ్‌తో లాగేయండి. నేలకి అతికించిన పాత కార్పెట్ బూజు పడితే పీకి పారేయడమే.

మిగిలిన వినైల్‌కి ముందు సబ్బునీళ్లు, ఆ తర్వాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు, ముందు కనబడని మూల మీద పరీక్షించండి. పొడి బూజును బ్రష్‌తో దులపకండి, గాల్లోకి లేస్తుంది. ఎన్95 మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. పాపను ఈ పని జరిగినన్నాళ్లూ దగ్గరికి రానివ్వద్దు.

కొత్త_బోటు

సార్, మీరు చెప్పినట్టే సీటు నిలబెడితే నీళ్లు కారాయి. చెక్క చేత్తో తుంచితే వచ్చేస్తోంది. మిగతా సీట్లు గట్టిగానే ఉన్నాయి. నేల కూడా పాడైందేమో ఎలా తెలుస్తుంది?

జగన్నాథపురం_వాసి

స్క్రూడ్రైవర్ పిడితో నేలంతా కొట్టుకుంటూ రండి. గట్టిగా ఉన్నచోట టకటకమంటుంది, నానినచోట దబ్‌మని మొద్దుగా వినిపిస్తుంది. వెనక సీటు ముందు, సీట్ల కింది స్తంభాలు నేలకి బిగించిన చోట ఎక్కువసేపు చూడండి. అమెరికాలో 20 అడుగుల లోపు ఇలాంటి బోట్లకి, నీళ్లు నిండినా తేలేలా లోపల ఫోమ్ ఉంటుంది. చాలావాటిలో అది నేల కిందే. ఒకసారి నీళ్లు తాగితే ఫ్యాన్లకి ఆరదు. అనుమానముంటే ట్రక్కుల తూకం దగ్గర ట్రైలర్‌తో సహా తూచి, కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. పెట్రోలు, సామాను, ట్రైలర్ బరువులు తీసేశాక కూడా బాగా తేడా వస్తే అది క్లీనింగ్‌తో తీరే సమస్య కాదు, నేల తెరిచి చూసేవాళ్లకి చూపించండి.

జవాబు: కుట్టుమిషన్_అక్క

సీటు గురించి ఒక మాట. మెరైన్ ప్లైవుడ్, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు, ఎండకి తట్టుకునే పాలిస్టర్ దారం అడగండి. మామూలు కాటన్ దారం కుళ్లిపోతుంది. చెక్క అడుగున ప్లాస్టిక్ షీటు బిగించి మూసేస్తామంటే ఒప్పుకోకండి. లోపలికి చేరిన నీళ్లు బయటికి పోయేలా చెక్కకి నాలుగైదు రంధ్రాలు వేయించుకోండి. పాత కవరు పారేయకుండా ఇస్తే దాన్నే కొలతకి పెట్టుకుని కత్తిరిస్తారు.

జగన్నాథపురం_వాసి

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కడగడం అయ్యాక కవర్ కింద డీహ్యుమిడిఫయర్ (గాల్లో తేమ లాగే మెషిన్) పెట్టి, గాలి తేమ చూపే మీటరు 60 శాతం లోపు నిలకడగా చూపించేదాకా కొత్త సీటు బిగించకండి. జార్జియా ఎండాకాలంలో ఊరికే బయట పెడితే ఆరదు, గాల్లోనే అంత తేమ. ఆ తర్వాత కవర్ మధ్యలో కర్ర నిలబెట్టి వాననీళ్లు నిలవకుండా చూడండి, గాలి ఆడే వెంట్లు ఉన్న కవరే కొనండి. బోటు ఇంటికొచ్చిన ప్రతిసారీ ప్లగ్ తీసి, అరల మూతలు తెరిచి, సీట్లు నిలబెట్టి ఆరనివ్వండి.